కొత్త స్కూటర్ ఇంటికే డెలివరీ అన్నారు, రాత్రిపూట గీత పడేట్టు దించి ఓటీపీ తీసుకొని పోయారు. ఇప్పుడేం చెయ్యాల?

కోవూరు_కాలువగట్టు
మొన్న శుక్రవారం జరిగింది చెప్తా, తెలిసినోళ్ళు ఎవరన్నా దారి చూపించండి. మా అక్క కొడవలూరు మండలంలో టీచరు, రోజూ రెండు ఆటోలు మారి పోతా ఉంది, అందుకని ఎలక్ట్రిక్ స్కూటర్ ఆన్‌లైన్‌లో బుక్ చేశాం. కంపెనీ పేరు రాయను, మధ్యలో డీలర్ లేకుండా కంపెనీయే నేరుగా అమ్మే రకం. ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి డబ్బులు ముందే మొత్తం కట్టించుకున్నారు. డెలివరీ తేదీ మూడుసార్లు మారింది. నాలుగోసారి ఈరోజు సాయంత్రం అని మెసేజ్ వస్తే అక్క బడి నుంచి నేరుగా ఇంటికొచ్చి ముగ్గేసి, పూలదండ కట్టి, కొబ్బరికాయ నిమ్మకాయలు పళ్ళెంలో పెట్టుకొని కూర్చుంది.

ఎనిమిదీ నలభైకి టాటా ఏస్ వచ్చింది. డ్రైవరు, ఇంకో పిల్లోడు, అంతే. దించడానికి ర్యాంప్ లేదు, సెంట్రింగ్ పనోళ్ళు వాడే చెక్క పలక ఒకటి వేశారు, సిమెంటు మరకలు కూడా ఉండాయి దాని మీద. డ్రైవరు హ్యాండిల్ పట్టుకున్నాడు, పిల్లోడు వెనక పట్టుకున్నాడు, సగం దిగాక పలక మధ్యలో వంగి పక్కకి జారింది, బండి ఎడమ పక్క పోయి ఏస్ వెనక డోర్ అంచుకి రాసుకుంది. కర్ర్ అని వినపడింది. ఫుట్‌బోర్డ్ కింద ప్యానెల్ మీద బెత్తెడు గీత, వేలు పెడితే గోరు తగులుకుంటా ఉంది. అక్క మొహం చూడలేకపోయా.

చార్జర్ ఏదన్నా అంటే రేపు వేరే బండిలో వస్తుంది అన్నాడు. బుచ్చిలో ఇంకో డెలివరీ ఉంది లేటవుతుంది, ఓటీపీ చెప్పన్నా అంటే చెప్పేశా. ఇప్పుడు యాప్‌లో డెలివరీ పూర్తయింది అని చూపిస్తా ఉంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే బండి అందుకున్నట్టు మీరే ఒప్పుకున్నారు కదా సార్ అంటున్నారు. చార్జర్ లేదు, గీత పడింది, నాలుగు రోజుల నుంచి బండి వరండాలో గమ్మున నిలబడి ఉంది.

స్పానర్_ఒంగోలు
ఓటీపీ ఇచ్చావంటే సంతకం పెట్టినట్టే తమ్ముడూ. ఇంక వాళ్ళు దిగిరారు. డెలివరీ అంటే పగలు, వెలుతుర్లో, బండి చుట్టూ రెండుసార్లు తిరిగి చూసి, అప్పుడు నంబర్ చెప్పాల.

మైపాడు_అల
అన్నా, ఇప్పుడు ఆ మాట చెప్తే ఏం లాభం, జరిగిపోయినోడికి దారి చెప్పండి. కోవూరు బ్రదర్, దించేటప్పుడు ఫోటో గానీ వీడియో గానీ ఉందా?

కోవూరు_కాలువగట్టు
పక్కింటి పాప వీడియో తీసింది, కొత్త బండి వస్తుందని సంబరంగా తీసింది. పలక జారేది, సౌండు, డ్రైవరు అయ్యో అనేది మొత్తం ఉంది.

మైపాడు_అల
ఇంకేం! అది డిలీట్ కాకుండా రెండు మూడు చోట్ల దాచిపెట్టు ముందు.

బుచ్చి_నుంచి
ఒక్క నిమిషం. శుక్రవారం రాత్రి బుచ్చిలో ఆ డెలివరీ మాదే! పదింటికి దగ్గరగా వచ్చింది టాటా ఏస్, అదే పలక, సిమెంటు మరకలు నేనూ చూశా. నాకు అంతకుముందు మా బావమరిది చెప్పుండాడు కాబట్టి చార్జర్ కళ్ళారా చూపిస్తేగానీ ఓటీపీ చెప్పనన్నా. పిల్లోడు సీటు వెనక చెయ్యి పెట్టి ఒక డబ్బా తీశాడు. అక్కడే ఇంకో డబ్బా కూడా ఉంది, అదెవరిది అంటే డ్రైవరు తల పట్టుకొని కోవూరులో దించడం మర్చిపోయాం అన్నాడు. నా ముందే అన్నాడు. మీ చార్జర్ ఆ రోజు ఆ బండిలోనే ఉంది.

కోవూరు_కాలువగట్టు
అబ్బా, నిజంగానా! నాతో వేరే బండిలో వస్తుంది అన్నాడే. ఇది రాతపూర్వకంగా ఇస్తారా అన్నా?

బుచ్చి_నుంచి
ఎందుకియ్యను, మెసేజ్ పెట్టు, నా ఆర్డర్ వివరం కూడా ఇస్తా. అక్కయ్య పళ్ళెం పట్టుకొని కూర్చుందని చదివి నాకే మనసు బాగాలేదు.

లాయరమ్మ_దర్గామిట్ట
స్పానర్ గారి మాటతో నేను ఒప్పుకోను. ఓటీపీ అంటే బండి మీ గుమ్మం ముందుకి చేరింది అని మాత్రమే. గీత లేదనీ, చార్జర్ అందిందనీ మీరు ఒప్పుకున్నట్టు కాదు. వీడియో ఉంది, సాక్షి ఉన్నాడు, మీ కేసు గట్టిది.

వరసగా చెయ్యండి. ముందు ఫోన్లు ఆపి ఈమెయిల్ రాయండి, ఫోన్లో ఎంత మాట్లాడినా మీ చేతిలో కాగితం మిగలదు. ఆన్‌లైన్‌లో అమ్మే ఏ సంస్థకైనా ఫిర్యాదుల అధికారి ఉండాలి, 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. ఆ రూల్ పేరు రాసి మరీ పంపండి. అప్పటికీ కదలకపోతే 1915కి ఫోన్ చెయ్యండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడచ్చు. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ ఆఫీసు వేరే రాష్ట్రంలో ఉంది, అక్కడి దాకా ఎవరు తిరుగుతారు అని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ప్రకారం మీరు కాపురముండే చోటే కేసు వెయ్యచ్చు, అంటే నెల్లూరులోనే. 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు కూడా లేదు.

ఇంకొకటి, బండికి టెంపరరీ రిజిస్ట్రేషన్ గానీ పర్మనెంట్ గానీ ఇచ్చారా లేదా? అదీ చెప్పండి.

కోవూరు_కాలువగట్టు
చాలా థాంక్స్ మేడమ్. టీఆర్ కాగితం యాప్‌లో పీడీఎఫ్ ఉంది. నంబర్ ప్లేట్ రాలేదు ఇంకా.

లాయరమ్మ_దర్గామిట్ట
ఉంటే సరే. సెంట్రల్ మోటార్ వెహికల్ రూల్స్‌లో 42వది ఉంది, టెంపరరీ అయినా సరే రిజిస్ట్రేషన్ లేకుండా బండి కొన్నవాళ్ళకి అప్పజెప్పకూడదు అని. ఇంటికి తెచ్చిచ్చినా షోరూమ్‌లో ఇచ్చినా అదే రూలు.

గూడూరు_నిమ్మ
హెల్మెట్ ఇచ్చారా? టూ వీలర్ అమ్మినప్పుడు హెల్మెట్ కూడా ఇయ్యాల, అదీ రూలే. మాకైతే అడిగితేనే ఇచ్చారు.

కోవూరు_కాలువగట్టు
లేదు. అది అడగాలని కూడా తెలీదు.

షోరూమ్_పాతకాపు
నేను పన్నెండేళ్ళు ఒంగోలులో బైక్ షోరూమ్‌లో సేల్స్‌లో చేశా, అందుకని రాస్తున్నా. డీలర్ లేకపోతే రేటు తగ్గుతుంది, మోసం ఉండదు అని జనం అనుకుంటారు. డీలర్ దగ్గర జరిగే పని ఏందో చూడండి. లారీలో బండి దిగంగానే యార్డులో ఒక మెకానిక్ దాన్ని పట్టుకుంటాడు. ట్రాన్స్‌పోర్ట్‌లో బెల్టులు బిగించి కట్టుంటారు కాబట్టి మొదట ముందు చక్రాన్ని పట్టుకొనుండే ఫోర్కులు చూస్తాడు, సీల్ దగ్గర ఆయిల్ చెమ్మ ఉందా అని గుడ్డతో తుడిచి చూస్తాడు. టైర్లలో గాలి, బ్రేకులు, లైట్లు, నట్లు. గీత ఉంటే అక్కడే ప్యానెల్ మార్చేస్తాం, కస్టమర్‌కి తెలీను కూడా తెలీదు. కడిగి తుడిచి పూజ చేయించి స్వీట్ బాక్స్ ఇచ్చి పంపిస్తాం. ఇదంతా ఎవరో ఒకరు చెయ్యాల్సిన పనే. కంపెనీ నేరుగా అమ్మేటప్పుడు అదే పని బండ్లు పంపించే కంపెనీ గోడౌన్‌లో అరగంటలో అవ్వచ్చు, అసలు అవ్వకనూ పోవచ్చు. ఆఖర్న బండి మీ ఇంటికి తెచ్చేవాడు కంపెనీ మనిషి కూడా కాదు, ట్రాన్స్‌పోర్ట్ కాంట్రాక్టర్ దగ్గర కూలికి వచ్చినోడు. వాడికి పలక ఎవరిస్తారు, ర్యాంప్ ఎవరిస్తారు?

కనిగిరి_ఎండ
పాతకాపు గారూ, మీ షోరూమ్ పని గురించి బాగా చెప్పారు కానీ ఆ బిల్లు గురించి కూడా చెప్పాల. హ్యాండ్లింగ్ చార్జీలు అని ఒక లైను, యాక్సెసరీస్ తప్పనిసరి అని ఒక లైను, ఇన్సూరెన్స్ మా దగ్గరే చెయ్యాల అని ఒక లైను. మా నాన్నకి బండి తీసుకున్నప్పుడు బయట ఇన్సూరెన్స్ చేయించుకుంటానంటే డెలివరీ వారం లేటవుద్ది అన్నారు. 2018 సెప్టెంబర్ నుంచి టూ వీలర్‌కి 5 ఏళ్ళ థర్డ్ పార్టీ ఒకేసారి కట్టాల్సి వస్తా ఉంది, అది చిన్న మొత్తం కాదు, ఎవరి దగ్గర చేయించాలో కొనేవాళ్ళ ఇష్టం కదా. ఆన్‌లైన్‌లో నాకు కనపడిన రేటే కట్టా, బెంగళూరు వాడు చూసే పేజీలోనే కొన్నా. మాకు ఒంగోలు పోవాలంటే ఎనభై కిలోమీటర్ల దూరం. బండి మా వీధిలోకొచ్చి దిగింది, గీత లేదు, చార్జర్ ఉంది, వచ్చిన అబ్బాయి మా అమ్మకి కూడా ఎట్టా చార్జింగ్ పెట్టాలో ఓపిగ్గా చూపించి పోయాడు. నేనైతే మళ్ళీ ఇట్టనే కొంటా.

షోరూమ్_పాతకాపు
హ్యాండ్లింగ్ విషయంలో మీరన్నది కరెక్టే అమ్మా, నేను కాదనను, మా చేత రాయించేవాళ్ళు. కానీ ఒక్కటడుగుతా, మీ బండికి రేపు బ్రేకు పట్టేస్తే ఎవరి దగ్గరికి పోతారు?

కనిగిరి_ఎండ
వ్యాన్ వస్తుంది. మొదటిసారి మూడు రోజులకి వచ్చింది. రెండోసారి తొమ్మిది రోజులు పట్టింది, ఆ తొమ్మిది రోజులు నడిచే ఆఫీసుకి పోయా. అది మాత్రం కష్టమే, దాచను.

సింగరాయకొండ_స్టేషన్
అదే అసలు సంగతి. షోరూమ్ అయితే పోయి కౌంటర్ మీద చెయ్యి కొట్టి అడగచ్చు, మేనేజరు మన ఊరోడే అయ్యుంటాడు, పెళ్ళిళ్ళలో కనపడతాడు కూడా. యాప్‌ని ఎట్టా నిలదీస్తాం?

ట్రైలర్_ఎన్‌హెచ్16
నేను కార్ క్యారియర్ తోల్తా. శ్రీపెరుంబుదూరు వైపు నుంచి ఎక్కించుకొని సూళ్ళూరుపేట, నెల్లూరు, ఒంగోలు మీదుగా విజయవాడ పక్కకి. నా బండికి ఎనిమిది కార్లు ఎక్కుతాయి. ఒక్కో కారుకి నాలుగు చక్రాలకీ బెల్టులు, ఎక్కించినప్పుడు ఒక సంతకం, దించినప్పుడు ఒక సంతకం, గీత ఉంటే ఎక్కడుందో బొమ్మ మీద గుర్తు పెట్టాల. గీత నా దారిలో పడితే నా బాడుగలో కోస్తారు, అందుకని దాబా దగ్గర ఆగినా ముందు దిగి బెల్టులు చూసుకున్నాకే తిండి.

కోవూరు తమ్ముడి కథలో ఆ డ్రైవర్ని, ఆ పిల్లోడిని ఎవరూ తిట్టలేదు, అందుకు సంతోషం. దారిలో ఆఖరి ముక్క వాళ్ళది, డెలివరీకి ఇంతని లెక్క, రాత్రి పది అయినా పూర్తి చెయ్యకపోతే రోజు కూలి దక్కదు. తప్పు మీద అడగాల్సింది వాళ్ళని పంపినోళ్ళని. మీ ఫిర్యాదులో ఆ పిల్లోడి పేరు రాయకండి, ర్యాంప్ లేకుండా పంపించారు అని రాయండి.

కోవూరు_కాలువగట్టు
తప్పకుండా అన్నా. పోయేటప్పుడు ఆ పిల్లోడు అక్క దగ్గరికొచ్చి తప్పయింది మేడమ్ అని చెప్పి పోయాడు. వాడి మీద మాకు కోపం లేదు.

ఆస్టిన్_బావ
టెక్సాస్ నుంచి రాస్తున్నా, మాది కావలి. ఇక్కడ టెస్లాది ఇదే పద్ధతి, డీలర్లు లేరు. టెక్సాస్ చట్టం ప్రకారం కంపెనీ నేరుగా కారు అమ్మకూడదు, ఫ్యాక్టరీ మా ఆస్టిన్‌లోనే ఉన్నా అమ్మకం కాగితాల మీద వేరే రాష్ట్రంలో జరిగినట్టు ఉంటుంది. డబ్బు, సంతకాలు, ఇన్సూరెన్సు అన్నీ యాప్‌లోనే. డెలివరీ సెంటర్‌కి పోతే కారు వరసలో పెట్టుంటారు, చూసుకొని యాప్‌లో ఒప్పుకుంటే తలుపు తెరుచుకుంటుంది. నేను ఒప్పుకునే ముందు నలభై నిమిషాలు తిరిగా, ప్యానెళ్ళ మధ్య సందులు, పెయింట్, అద్దాలు, సీట్ల కుట్లు. ఇక్కడ కొనేవాళ్ళు చెక్‌లిస్టు ప్రింట్ తీసుకొని మరీ పోతారు, ఎవరూ ఏమీ అనరు. 2025 జూన్‌లో అయితే ఒక మోడల్ వై ఫ్యాక్టరీ నుంచి కొన్నవాళ్ళ ఇంటికి డ్రైవర్ లేకుండా తనంతట తనే పోయింది, ఊళ్ళోనే, అరగంట దూరం.

గూడూరు_నిమ్మ
అది మా ఊరికి తనంతట తానే రావాలంటే వెంకటాచలం టోల్ దగ్గర ఎవరు దిగి మాట్లాడతారు బావా?

మైపాడు_అల
ఫాస్టాగ్ ఉంటది లే. గేదెలు అడ్డమొస్తేనే సమస్య, హారన్ కొట్టినా కదలవు.

సింగరాయకొండ_స్టేషన్
టెస్లా మన దేశంలో కూడా 2025 జూలైలో ముంబైలో మొదటి షోరూమ్ తెరిచింది కదా, ఇక్కడా నేరుగానే.

షోరూమ్_పాతకాపు
నేరుగా అంటే డీలర్ ఉండకూడదని కూడా లేదు. మెర్సిడెస్ వాళ్ళు మన దేశంలో 2021లోనే మార్చారు. స్టాకు కంపెనీది, బిల్లు కంపెనీ పేరు మీద, దేశమంతా ఒకటే రేటు, కానీ కారు చూపించేదీ తుడిచి చేతికిచ్చేదీ పాత డీలరే, కమిషన్ మీద. స్కూటర్లకి కూడా అట్టాంటిది వస్తే ఇద్దరి మంచీ ఉంటుంది.

కనిగిరి_ఎండ
దీనికి మాత్రం ఒప్పుకుంటా.

టీచరమ్మ_కందుకూరు
సబ్సిడీ సంగతి కూడా చూసుకోండి కోవూరు వారూ. మేము కొన్నప్పుడు పీఎం ఈ-డ్రైవ్‌లో, అంటే ఎలక్ట్రిక్ బండ్లకి 2024 అక్టోబర్‌లో మొదలైన కేంద్రం సబ్సిడీ పథకంలో, ఎవరి పేరు మీద బండి ఉందో వాళ్ళ ఆధార్, మొహం ఫోటోతో సరిచూసి ఈ-వోచర్ ఇచ్చారు, దాని మీద కొన్నవాళ్ళు సంతకం పెట్టాల్సి వచ్చింది. మా ఇంట్లో బండి నా పేరు మీద, ఆ రోజు నేను బడిలో ఉన్నా, మా వారు ఇంట్లో ఉన్నారు, ఫోటో కుదరక మళ్ళీ వచ్చారు. బ్యాటరీ సైజుని బట్టి కిలోవాట్ అవర్‌కి 5,000 రూపాయలు ఉన్నది 2025 ఏప్రిల్ నుంచి 2,500 చేశారు, ఉన్న కాస్త పోగొట్టుకోవద్దు. అక్కయ్య పేరు మీద ఉంటే అక్కయ్యే ఉండాలి.

కోవూరు_కాలువగట్టు
అది బుకింగ్ అప్పుడే అక్కతో చేయించాం మేడమ్, వోచర్ ఉంది.

స్పానర్_ఒంగోలు
లాయరమ్మ గారు చెప్పింది చదివాక నా మాట వెనక్కి తీసుకుంటున్నా, సంతకం పెట్టినట్టే అని ఊరికే భయపెట్టా. పని సంగతి చెప్తా. నాలుగు రోజులు నిలబెట్టా అన్నావు, బ్యాటరీ ఎంత శాతం ఉంది? మరీ అడుగుకి పోనీయొద్దు. ఎండ తగలని చోట పెట్టు. గీత ఒక్కటే అనుకోవద్దు, పక్కకి జారిన బండి కాబట్టి హ్యాండిల్ నేరుగా పెడితే ముందు చక్రం నేరుగా ఉందా, సైడ్ స్టాండ్ సెన్సర్ పనిచేస్తా ఉందా, ఎడమ బ్రేక్ లివర్ వంగిందా చూడు. చీకట్లో ఇవి కనపడవు. పొద్దున ఎండ పడేటప్పుడు ప్యానెల్‌ని పక్క నుంచి చూడు, పగులు ఉంటే వెంట్రుక లాగా మెరుస్తుంది.

కోవూరు_కాలువగట్టు
బ్యాటరీ 31 శాతం ఉంది. ఇప్పుడే పోయి చూశా. లివర్ బాగుంది, స్టాండ్ బాగుంది. గీత చివర్న సన్నగా పగులు ఉంది అన్నా, మీరు చెప్పినట్టే వెంట్రుక మాదిరి. ఫోటో తీశా. కిలోమీటర్ల మీటర్‌లో 4 చూపిస్తా ఉంది, అదేమన్నా సమస్యా?

స్పానర్_ఒంగోలు
4 ఏం కాదు, యార్డులో తిప్పుంటారు. నలభై యాభై ఉంటే అడగాల, అంటే తోలుకొచ్చారని. పగులు ఉంటే పాలిష్ చేస్తామన్నా ఒప్పుకోవద్దు, ప్యానెల్ మార్చాల్సిందే అని రాయి.

కోవూరు_కాలువగట్టు
ఈమెయిల్ పంపేశా. లాయరమ్మ గారు చెప్పిన 48 గంటల రూలు, బుచ్చి అన్న రాసిచ్చింది, పాప తీసిన వీడియో, పగులు ఫోటో, హెల్మెట్ రాలేదని, అన్నీ పెట్టా. పిల్లోడి పేరు రాయలేదు.

మైపాడు_అల
ఏమైందో ఇక్కడే రాయి, మధ్యలో వదిలేసి పోవద్దు. మా చిన్నాన్న కూడా ఇట్టాంటి బండే బుక్ చేశాడు.

కోవూరు_కాలువగట్టు
పదకొండు రోజుల తర్వాత రాస్తున్నా. రెండోరోజే ఫిర్యాదు నంబర్ ఇచ్చారు. ఐదోరోజు ఒకతను ఫోన్ చేసి పాలిష్ చేస్తాం సరిపోతుంది అన్నాడు, పగులు ఫోటో మళ్ళీ పంపించి ప్యానెల్ మార్చమని రాశా. నిన్న పొద్దున పదిన్నరకి టెక్నీషియన్ వచ్చాడు, కొత్త ప్యానెల్ వేశాడు, రంగు కలిసింది. చార్జర్, హెల్మెట్ తెచ్చాడు. పని మొత్తం అయ్యాక, అక్క చుట్టూ తిరిగి చూసుకున్నాక, అప్పుడు అడిగాడు ఓటీపీ. పూజ నిన్నే చేశాం, నిమ్మకాయలు కొత్తవి తెచ్చి. ఈరోజు అక్క బండి మీద బడికి పోయింది, పిల్లలంతా గేటు దాకా వచ్చారంట.

బుచ్చి_నుంచి
ఎంత మంచి మాట చెప్పావు తమ్ముడూ. అక్కయ్యకి చెప్పు.

లాయరమ్మ_దర్గామిట్ట
సంతోషం. ఈమెయిళ్ళు మాత్రం తీసెయ్యకండి, వారంటీ అయ్యేదాకా ఉంచండి.

పొదిలి_రోడ్డు
కొత్తగా చేరా, మొత్తం చదివా. నాకు ఎల్లుండి సాయంత్రం ఆరుకి డెలివరీ అని మెసేజ్ వచ్చింది. ఏం చెయ్యమంటారు?

టీచరమ్మ_కందుకూరు
ఆరు వద్దు, మరుసటి రోజు పొద్దునకి మార్పించుకోండి. యాప్‌లో లేకపోతే ఫోన్ చేసి చెప్పండి.

ట్రైలర్_ఎన్‌హెచ్16
వాళ్ళు పలకతో వస్తే బండి దించనీయొద్దు. మీ చుట్టుపక్కల గేదెల్ని ఆటో ఎక్కించే మట్టి గట్టు ఎక్కడన్నా ఉందా? ఏస్ వెనక భాగం ఆ గట్టుకి ఆనించి పెట్టిస్తే నేలా ఫ్లోరూ ఒకటే ఎత్తుకొస్తాయి, ఒక్క మనిషి నెట్టుకుంటా దించేస్తాడు.

పొదిలి_రోడ్డు
పాల కేంద్రం పక్కన ఉందన్నా, మా ఇంటికి నాలుగిళ్ళ అవతల. అక్కడికే రమ్మంటా.